సీరం ముందా, నూనె ముందా? ముఖం మీద ఇన్ని పొరలు నిలుస్తాయా?

సన్నజాజి
మాది గుంటూరు. వయసు ముప్పై దాటింది. నుదురు, ముక్కు జిడ్డుగా ఉంటాయి, బుగ్గలు మాత్రం పొడి. ప్రస్తుతం వాడుతున్నవి విటమిన్ సి సీరం, 10 శాతం నియాసినమైడ్ సీరం, హైలురోనిక్ యాసిడ్ సీరం, కుంకుమాది తైలం, జెల్ మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఉదయం ఇవన్నీ రాసుకుని చివర సన్‌స్క్రీన్ వేయగానే, రబ్బరుతో చెరిపినప్పుడు రాలే పొట్టులా ముఖం మీద నుంచి తెల్లటి నలుసులు రాలుతున్నాయి. ఆఫీసు తొందరలో మళ్లీ ముఖం కడుక్కోవలసి వస్తోంది. తైలం మొదలుపెట్టాక నుదుటి మీద ఒకే సైజులో సన్నని పొక్కులు కూడా వచ్చాయి, చెమట పడితే దురద. నూనె అన్నిటికంటే ముందు రాయాలని మా వదిన అంటుంది. అమ్మిన దుకాణంలో చివర రాయమన్నారు. ఏది సరైన వరుస?

బెజవాడబుజ్జి
నీళ్లలా పలుచగా ఉన్నవి ముందు, చిక్కనివి తర్వాత, నూనె చివర. పగలైతే అన్నిటి మీద సన్‌స్క్రీన్. నేను ఇన్నేళ్లుగా పాటిస్తున్నది ఇదే.

గోదారిగట్టు
మీ వదిన మాటలో అర్థం ఉంది. మా అమ్మమ్మ కాలం నుంచి నూనె ముందే. నువ్వుల నూనె ముఖానికి, ఒంటికి మర్దన చేసి, కాసేపు నాననిచ్చి, తర్వాత సున్నిపిండి. అప్పటివాళ్ల చర్మం చూస్తే ఇప్పటి సీసాలు ఎందుకనిపిస్తుంది.

చింతచిగురు
గోదారిగట్టు గారూ, అమ్మమ్మ గారు నూనె రాసి సున్నిపిండితో రుద్ది కడిగేసేవారు. మురికిని కరిగించి తీసేయడానికి పనికొచ్చే పద్ధతి అది. సన్నజాజి గారు నూనె రాసుకుని, కడగకుండా, దాని మీద ఇంకొన్ని పొరలు రాసుకుని ఎండలోకి వెళ్తున్నారు. రెండూ ఒకటి కావు.

గోదారిగట్టు
ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా నూనె అంటేనే భయపెట్టడం నాకు నచ్చదు. పుట్టిన బిడ్డకు కూడా నూనెతోనే మర్దన చేస్తాం.

రసాయనప్రియ
వరుస సంగతి కొంచెం విడమరిచి చెబుతాను, ఓపిగ్గా చదవండి.

చర్మం పైపొర చచ్చిన కణాల వరుసలతో, వాటి మధ్య కొవ్వు పదార్థాలతో తయారైన గోడ. సీరంలో మనకు కావలసిన పదార్థం సాధారణంగా నీళ్లలో కరిగి ఉంటుంది. ముందే నూనె రాస్తే ఆ నీళ్లు చర్మాన్ని సమంగా తడపలేవు, చుక్కలుగా జారిపోతాయి. అంతమాత్రాన ఏమీ లోపలికి వెళ్లదని కాదు, నూనె పొర ప్లాస్టిక్ కాగితం కాదు. కానీ డబ్బు పెట్టి కొన్న సీరంలో కొంత భాగం అరచేతికి, తలగడకు పోతుంది. అందుకే నూనె తర్వాత.

ఇక రాలే పొట్టు. అది చర్మం కాదు, మురికీ కాదు. జెల్ మాయిశ్చరైజర్లలో, సీరంలలో చిక్కదనం కోసం కార్బొమర్, జాంథన్ గమ్ వంటివి కలుపుతారు. సన్‌స్క్రీన్‌లలో చాలావరకు సిలికోన్లు ఉంటాయి. కింది పొర ఆరకముందే పైన ఇంకొకటి వేసి రుద్దితే పొడవాటి గొలుసుల్లాంటి ఈ పదార్థాలు (పాలిమర్లు) ఒకదానితో ఒకటి చుట్టుకుని ఉండలు కడతాయి. మధ్యలో నూనె ఉంటే పై పొరకు పట్టు దొరకక మరీ రాలుతుంది. ఉదయం మూడు సీరంలూ ఒక తైలమూ జెల్లూ సన్‌స్క్రీనూ అంటే ఆరు పొరలు. ఏ వరుసలో వేసినా ఉండలు కట్టకపోతేనే ఆశ్చర్యం.

ఉదయం ఒక్క సీరం చాలు. అది ఆరాక, అవసరమైతే మాయిశ్చరైజర్ పలుచగా. అదీ ఆరాక సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా అద్దినట్టు పరచండి. నూనె పగటి జాబితాలోంచి తీసేయండి.

వైజాగ్_కెరటం
రసాయనప్రియ గారు చెప్పినదానికి ఊరు కూడా కలపాలి. మా దగ్గర మే నెలలో గాలే మాయిశ్చరైజర్! సముద్రం పక్కన ఉక్కపోతలో జెల్ మాయిశ్చరైజర్ కూడా ఎక్కువే. సన్‌స్క్రీన్‌లోనే తేమ పట్టి ఉంచే పదార్థాలుంటాయి కాబట్టి జిడ్డు చర్మం వాళ్లు మధ్య పొర మానేయవచ్చు. గుంటూరు ఎండ వేరు, మా ఉక్క వేరు. అయినా వేసవిలో పగటిపూట తైలం అక్కడా ఇక్కడా అనవసరమే.

డల్లాస్‌లో_తెలుగు
చలికాలం ఇక్కడ ఇంట్లో హీటరు వేస్తే గాలిలో తేమ ఉండదు, బుగ్గలు చిట్లుతాయి. అప్పుడు రాత్రి మాయిశ్చరైజర్ మీద స్క్వాలేన్ అనే తేలికపాటి నూనె నాలుగు చుక్కలు అద్దుకుంటే ఎంతో హాయి. అదే స్క్వాలేన్ జులైలో విజయవాడ వచ్చినప్పుడు రాసుకుంటే పొద్దున్నకి ముఖమంతా జిడ్డు. సీసా అదే, ముఖం అదే, వాతావరణమే మారింది. తేమను పట్టి ఉంచే హైలురోనిక్ యాసిడ్ కూడా అంతే. తడి ముఖం మీద రాసి, వెంటనే పైన మాయిశ్చరైజర్ వేస్తే బాగా పని చేస్తుంది. ఏసీ గదిలో పొడి ముఖానికి అదొక్కటే రాసి వదిలేస్తే ఇంకా బిగుసుకున్నట్టు అనిపించవచ్చు.

పాలపిట్ట
అందరూ వరుస గురించే మాట్లాడుతున్నారు. సన్నజాజి గారి నుదుటి పొక్కుల సంగతి నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. ఒకే సైజు, దురద, చెమటకు ఎక్కువ కావడం, నూనె మొదలుపెట్టాక రావడం. ఇవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. మలసేజియా అనే ఈస్టు అందరి చర్మం మీదా ఉంటుంది. చుండ్రులో కూడా దానిదే పాత్ర. వెంట్రుక కుదుళ్లలో అది పెరిగితే ఇలాంటి పొక్కులు వస్తాయి. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను అది తయారు చేసుకోలేదు, బయట నుంచి తీసుకోవాలి. ప్రయోగశాలలో దాన్ని పెంచేటప్పుడు కూడా ఆలివ్ నూనె చేరుస్తారు. మనం ముఖానికి రాసే కొబ్బరి, నువ్వులు, బాదం, ఆలివ్ నూనెలన్నీ దానికి భోజనమే. డల్లాస్ గారి స్క్వాలేన్‌లో కొవ్వు ఆమ్లాలు లేవు, కాబట్టి దాంతో ఆ గొడవ లేదు.

దీనికి మొటిమల మందులు సరిగా పనిచేయవు, ఫంగస్ మందు కావాలి. ఫోన్లో చూసి మందు కొనకండి. చర్మవైద్యుడికి చూపించండి. అప్పటిదాకా తైలం పూర్తిగా ఆపండి.

గోదారిగట్టు
నేను పుట్టినప్పటి నుంచి కొబ్బరి నూనె రాస్తున్నాను. ఒక్క పొక్కు రాలేదు.

పాలపిట్ట
మీ చర్మానికి పడింది, సంతోషం. పొడి చర్మం వాళ్లకు కొబ్బరి నూనె మేలు చేస్తుంది, కాళ్లకూ చేతులకూ నేనూ రాస్తాను. కానీ కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. మొటిమల తత్వం ఉన్న ముఖాల్లో అది రంధ్రాలు మూసుకునేలా చేయవచ్చు. మీ అనుభవం మీకు నిజం, సన్నజాజి గారి నుదురు ఆవిడకు నిజం.

చింతచిగురు
సహజం కాబట్టి ఏ నూనె అయినా మంచిదే అనే మాటను పక్కన పెట్టాలి. ఆలివ్ నూనెలో ఒలీక్ ఆమ్లం చాలా ఎక్కువ, అది చర్మం గోడను బలహీనపరుస్తుందని పరీక్షల్లో తేలింది. పొద్దుతిరుగుడు నూనెలో లినోలీక్ ఆమ్లం ఎక్కువ, అది చర్మానికి నయం. వంటింట్లో ఖరీదైనది ముఖానికి మంచిదని లెక్కేమీ లేదు. విటమిన్ ఇ క్యాప్సూల్ సూదితో గుచ్చి ముఖానికి పులిమే అలవాటు మన ఇళ్లలో ఎంత ఉందో! అది పడక ముఖం ఎర్రబడి దద్దుర్లు వచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

సన్నజాజి
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఉదయం విటమిన్ సి, సన్‌స్క్రీన్ మాత్రమే వేశాను. ఏమీ రాలలేదు! తైలం ఆపేస్తున్నాను. ఇంకొకటి అడగాలి. రాత్రిపూట బుగ్గల మీద మంగు మచ్చలకు మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తున్నాను. పక్కింటావిడ వాడి బాగుందంటే తెచ్చుకున్నాను. ముఖం బాగా తేటపడింది. దాన్ని సీరంల ముందు రాయాలా, తర్వాతా?

మందులచీటీ
ఆ క్రీము ట్యూబు మీద ఏమి రాసి ఉందో చూసి చెప్పండి. ముఖ్యంగా చివర 'సోన్' అని వచ్చే పేరు ఏదైనా ఉందా?

సన్నజాజి
హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్.

మందులచీటీ
నేను ఫార్మసిస్టుని. ఈ మాట కౌంటర్ దగ్గర రోజూ చెబుతాను, చాలామంది నొచ్చుకుంటారు. మీరు నొచ్చుకోకండి.

ఇందులో హైడ్రోక్వినోన్ మచ్చ రంగు తగ్గించేది, ట్రెటినాయిన్ విటమిన్ ఎ జాతి మందు, మొమెటాసోన్ స్టెరాయిడ్. ఈ మూడు మందుల కలయిక వెనుక నిజమైన శాస్త్రం ఉంది. 1975లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్ బృందం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథాసోన్ కలిపి నల్లమచ్చలకు వాడి చూపించింది. కాబట్టి మందు దొంగది కాదు. వైద్యుడు చూసి, కొద్దికాలానికి, మచ్చ ఉన్నచోట మాత్రమే రాయమని ఇవ్వాల్సినది ఇది. మన దగ్గర ఇది ముఖం తెల్లబడే క్రీముగా మారిపోయింది. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలుతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపితే మంట, ఎరుపు, మచ్చ మళ్లీ నల్లబడటం. దానికి భయపడి మళ్లీ రాస్తారు. దీనికి వైద్యుల్లో ఒక పేరే ఉంది, స్టెరాయిడ్ పాడుచేసిన ముఖం అని. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. మా వృత్తిలోనే ఆ పని జరుగుతున్నందుకు నాకు కోపం వస్తుంది.

మీరు అడిగిన వరుసకు జవాబు ఇదీ. ముందా తర్వాతా అన్నది కాదు ప్రశ్న, వైద్యుడు చూడకుండా రాయాల్సిన క్రీమే కాదు అది. ఎంతకాలంగా రాస్తున్నారో దాన్నిబట్టి ఒక్కసారిగా ఆపాలా, తగ్గిస్తూ ఆపాలా అనేది ఆయనే చెబుతారు. అందుకే ఈ వారంలోనే వెళ్లండి.

పాలపిట్ట
సన్నజాజి గారూ, ఇది నా మునుపటి మాటకు కూడా ముడిపడుతుంది. స్టెరాయిడ్ క్రీముల వల్ల కూడా ఒకే సైజు పొక్కులు వస్తాయి. ఈస్టు పెరగడానికీ అది దారి ఇస్తుంది. తప్పు తైలానిదో, క్రీముదో, రెండిటిదో చూడకుండా చెప్పలేం. ట్యూబు, సీసాలు అన్నీ సంచిలో వేసుకుని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

బెజవాడబుజ్జి
ట్రెటినాయిన్ కూడా ఉందిగా అందులో. దాని మీద విటమిన్ సి, నియాసినమైడ్ అన్నీ వేస్తే ముఖం మండదా?

రసాయనప్రియ
మండవచ్చు. ట్రెటినాయిన్ రాత్రికే పరిమితం చేసి, విటమిన్ సి ఉదయానికి పెట్టుకోవడం అందుకే. విటమిన్ సి అసలు రూపమైన ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ చర్మంలోకి వెళ్లాలంటే ద్రావణం బాగా ఆమ్లంగా, పీహెచ్ 3.5 కంటే తక్కువలో ఉండాలి. 2001లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ బృందం పంది చర్మం మీద చూపించిన సంగతి అది. 20 శాతం దాటితే లాభం పెరగదని కూడా అప్పుడే తేలింది. ఆ ఆమ్లమూ ట్రెటినాయినూ ఒకేసారి ఒకే ముఖం మీద పడితే ఓర్చుకునే చర్మాలు తక్కువ.

వైజాగ్_కెరటం
విటమిన్ సి, నియాసినమైడ్ కలిపితే ఒకదాన్నొకటి చంపేస్తాయని విన్నాను. నిజమా?

రసాయనప్రియ
కాదు. నియాసినమైడ్ విడిపోయి నికోటినిక్ యాసిడ్‌గా మారితే ముఖం ఎర్రబడుతుందనేది ఆ భయం. అలా మారడానికి చాలా వేడి గానీ, చాలా కాలం గానీ కావాలి. ముఖం మీద నిమిషాల్లో జరగదు. కాకపోతే నియాసినమైడ్ 10 శాతం అందరికీ పడదు. రంగు మచ్చల మీద చేసిన పరీక్షల్లో 4, 5 శాతానికే ఫలితం కనిపించింది. అంకె పెద్దదైతే మందు గొప్పదన్న నమ్మకం మీద అమ్మకాలు సాగుతున్నాయి.

చింతచిగురు
నా మాట కఠినంగా ఉంటుందేమో గానీ, మంగు ఉన్నవాళ్లకు ఈ పొరల్లో అన్నిటికంటే విలువైనది సన్‌స్క్రీన్. అదే అందరూ కంటికి కాటుకలా పెట్టుకుంటారు. పొట్లం మీద రాసిన రక్షణ రావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పడాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ ఇంచుమించు సరిపోతుంది. మన రంగు చర్మాలకు కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును ముదురు చేస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ దానికి పనికొస్తుంది. సీరంల మీద పెట్టే డబ్బులో సగం దాని మీద పెట్టండి.

డల్లాస్‌లో_తెలుగు
ఒక్క మాట చేర్చాలి. సన్‌స్క్రీన్ మెరుపుగా ఉండాలని అందులో నూనె చుక్కలు కలిపి రాసే వీడియోలు తిరుగుతున్నాయి. దయచేసి అలా చేయకండి. ఆ పొర సమంగా పరుచుకోదు, రక్షణ ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. క్యారెట్ గింజల నూనె ఎండను ఆపుతుందన్న మాట కూడా నమ్మకండి.

కొత్తచిగురు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు మూడో నెల. రాత్రి రెటినాల్ సీరం, దాని మీద రోజ్‌హిప్ నూనె రాస్తాను. కొనసాగించవచ్చా?

మందులచీటీ
రెటినాల్ ఈ రోజే ఆపండి తల్లీ. విటమిన్ ఎ జాతికి చెందిన రెటినాల్, ట్రెటినాయిన్, అడాపలీన్ ఏవీ గర్భిణులు వాడకూడదు. ఇప్పటిదాకా రాసినందుకు కంగారు పడకండి. పూతగా రాసింది రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ, మీ వైద్యురాలికి మాత్రం చెప్పండి. మొటిమలకో మచ్చలకో ఏదైనా కావాలంటే అజెలాయిక్ యాసిడ్ గురించి ఆవిడనే అడగండి, గర్భంలో వాడదగిన వాటిలో అదొకటి.

కొత్తచిగురు
ఆపేశాను. రేపు పరీక్షకు వెళ్తున్నాను, అడుగుతాను. మనసు కుదుటపడింది.

గోదారిగట్టు
కుంకుమాది తైలం గురించి ఎవరూ న్యాయంగా మాట్లాడలేదు. నువ్వుల నూనె, మేకపాలు, కుంకుమపువ్వు, మంజిష్ఠ, లక్క, చందనం వేసి కాచే యోగం అది. ఎన్ని తరాలు వాడాయి!

పాలపిట్ట
గౌరవం నాకూ ఉంది. ఆ యోగం ఆయుర్వేద వైద్యుడు మనిషి తత్వం చూసి చెప్పేది. అంగట్లో అదే పేరుతో దొరికే సీసాల్లో కొన్ని నువ్వుల నూనెతో కాచినవే కావు, వేరే నూనెలో సువాసన కలిపినవి. వెనుక అక్షరాలు చదవండి. పొడి చర్మం ఉన్న మీలాంటివారు రాత్రి రెండు చుక్కలు మర్దన చేసి కాసేపటికి కడిగేస్తే నాకే అభ్యంతరం లేదు. జిడ్డు నుదురున్నవాళ్లు రాత్రంతా ఉంచుకోవడమే వద్దంటున్నాను.

గోదారిగట్టు
కడిగేయడం దగ్గర మనిద్దరం కలిశాం. మా అమ్మమ్మ పద్ధతీ అదే!

సన్నజాజి
వైద్యురాలిని కలిసి వచ్చాను. పొక్కుల్ని గీరి సూక్ష్మదర్శిని కింద చూశారు. ఈస్టు ఉంది, క్రీము వల్ల చర్మం పలుచబడిందని కూడా అన్నారు. స్టెరాయిడ్ ఒక్కసారిగా కాకుండా తగ్గిస్తూ ఆపే పద్ధతి రాసిచ్చారు. నుదుటికి ఫంగస్ మందు కీటోకొనజోల్. సీరంలన్నీ ప్రస్తుతానికి బంద్. సాదా ఫేస్‌వాష్, సాదా మాయిశ్చరైజర్, రంగు సన్‌స్క్రీన్, ఇంతే. మంగు సంగతి చర్మం కోలుకున్నాక చూద్దామన్నారు. మందులచీటీ గారూ, మీరు ట్యూబు మీద పేర్లు అడగకపోయి ఉంటే దాన్ని ఇంకా రాస్తూనే ఉండేదాన్ని. మీకు ఎంతైనా రుణపడి ఉంటాను. పక్కింటావిడను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను.

మందులచీటీ
ఆవిడను తీసుకెళ్లడం అన్నిటికంటే మంచి పని. మొదటి కొన్ని వారాలు ముఖం ఎర్రబడి, మచ్చ ముదిరినట్టు అనిపించవచ్చు. ఆ సమయంలోనే చాలామంది మళ్లీ ట్యూబు కొనడానికి వస్తారు. ఇద్దరూ ఒకరికొకరు కాపలా ఉండండి.

బెజవాడబుజ్జి
తెరిచిన విటమిన్ సి సీసా ఏమి చేస్తారు? అది ఊరికే పాడవుతుంది కదా.

రసాయనప్రియ
మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. వెలుతురూ గాలీ వేడీ తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. రంగు లేకుండా గానీ లేత పసుపుగా గానీ ఉంటే పరవాలేదు. టీ డికాక్షన్ రంగుకు వస్తే పారేయండి. వాడే రోజు వచ్చినప్పుడు ముందు చెవి వెనుక రాసి చూసి, తర్వాతే ముఖానికి. ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండు వారాలైనా ఎడం ఉండాలి. అప్పుడే ఏది పడిందో, ఏది పడలేదో తెలుస్తుంది.

నల్లరేగడి
ఆడవాళ్ల చర్చ అనుకుని ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. నాకూ నుదుటి మీద ఇవే పొక్కులు. ఏ సీరమూ వాడను. తలకు ఆముదం, కొబ్బరి నూనె కలిపి పెట్టుకుంటాను, రోజంతా బైకు మీద తిరిగే ఉద్యోగం.

పాలపిట్ట
హెల్మెట్ లోపలి గుడ్డ చూడండి. తలనూనె, చెమట కలిసి రోజంతా నుదుటికి రుద్దుకుంటోంది. నూనె రాత్రి పెట్టుకుని పొద్దున తలస్నానం చేసి బయలుదేరండి. ఆ లోపలి మెత్త ఊడదీయడానికి వస్తుంది, వారానికోసారి సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. అప్పటికీ తగ్గకపోతే సన్నజాజి గారిలాగే చర్మవైద్యుడికి చూపించండి.

నల్లరేగడి
ఊడదీశాను. దాని రంగు ఇక్కడ చెప్పను. బకెట్లో నానబెట్టాను.